బకెట్ అంచున తెల్లపొర, ఒంట్లో రాయి

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా బోరు నీళ్ళు వాడే ఏ ఇంటి బాత్‌రూమ్‌లోనైనా బకెట్ లోపలి అంచున, కుళాయి మూతి చుట్టూ గీకినా పోని తెల్లటి పొర కనిపిస్తుంది. రాతి పగుళ్ళలోంచి నీళ్ళు మోసుకొచ్చిన కాల్షియం అది. ‘ఇవే తాగితే కిడ్నీలో రాళ్ళు రావూ?’ అని మా ఇంట్లోనూ అడిగారు. జవాబు కోసం ముందు బకెట్‌ను వదిలి రక్తం దగ్గరికి వెళ్ళాలి.

మన రక్తంలో కాల్షియం, ఫాస్ఫేట్ ఎప్పుడూ గడ్డకట్టగలిగినంత ఉంటాయి. లెక్క ప్రకారం రక్తనాళాలు ఎప్పుడో సున్నపు గొట్టాలు కావాలి. కావడం లేదంటే కాలేయం తయారుచేసే ఫెట్యూయిన్-ఎ అనే ప్రోటీన్ చలవ చాలా ఉంది. ఖనిజం ముద్దకట్టబోతుండగానే అది చుట్టేసుకుంటుంది. అలా ఏర్పడిన ఉండలు వెంట్రుక మందంలో సుమారు వెయ్యోవంతు ఉంటాయి. రక్తంలో తిరుగుతున్న వాటిని శరీరం ఎప్పటికప్పుడు ఏరి పారేస్తుంది.

ఈ ఉండలను ఒకప్పుడు ప్రాణులనుకున్నారు. 1998లో ఫిన్లాండ్‌లోని కుయోపియో విశ్వవిద్యాలయంలో కజండర్, చిఫ్ట్‌చియోలు వీటిని ఖనిజపు కవచం తొడుక్కున్న ‘నానోబాక్టీరియా’ అన్నారు, కిడ్నీ రాళ్ళకు మూలం ఇవే కావచ్చన్నారు. 2000లో అమెరికాలో జాన్ సిసార్ బృందం వాటిదనుకున్న డీఎన్‌ఏ ప్రయోగశాలల్లో తరచూ కలిసిపోయే మామూలు బ్యాక్టీరియాదిలా ఉందని చూపింది. 2008లో తైవాన్‌లో మార్టెల్, యంగ్ అచ్చం అలాంటి రేణువులనే కాల్షియం కార్బొనేట్‌తో తయారుచేశారు. ప్రాణం లేదని తేలింది. అయినా ఆ పదేళ్ళ వాదన వృథా పోలేదనే నా నమ్మకం. ఎవరూ పట్టించుకోని రేణువుల మీదికి అందరి చూపూ తిప్పింది అదే.

ఈ కథలో మన తెలుగువారి చెయ్యీ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, 1925లో రక్తమూత్రాల్లోని ఫాస్ఫరస్‌ను నీలిరంగు చిక్కదనంతో కొలిచే పద్ధతి ప్రకటించారు. దశాబ్దాల తరబడి ప్రపంచంలోని ల్యాబ్‌లు దాన్నే వాడాయి. ఆ అంకె ఎందుకంత ముఖ్యమంటే, కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు ఫాస్ఫేట్ బయటికి పోలేక పెరుగుతుంది. ఫెట్యూయిన్-ఎ దాన్ని తట్టుకోలేదు. మెత్తటి ఉండలు సూదుల్లాంటి స్ఫటికాలుగా మారతాయి. ధమని గోడలోని కండర కణాలు వాటిని లోపలికి తీసుకుని, ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. సాగవలసిన నాళం బిగుసుకుపోతుంది.

కిడ్నీ రాయి దారి వేరు. 1937లో అమెరికా వైద్యుడు అలెగ్జాండర్ రాండల్ మృతదేహాల కిడ్నీలు పరిశీలించి, మూత్రం బయటికొచ్చే మొనల మీద పాలిపోయిన మచ్చలు చూశాడు. అవి లోపలి సన్నని గొట్టాల గోడల్లో మొదలవుతాయని ఇప్పుడు తెలుసు. ఉల్లిపాయలా ఒక పొర ఖనిజం, ఒక పొర ప్రోటీన్‌గా రేణువులు పెరుగుతాయి. గుత్తులు కట్టి పై చర్మాన్ని చీల్చుకుని మూత్రంలోకి తల పెడితే, వాటి మీద కాల్షియం ఆక్సలేట్ పేరుకుంటుంది. రాయి అక్కడే వేలాడుతూ పెరుగుతుంది. ఊడి మూత్రనాళంలో ఇరుక్కున్న రోజునే నొప్పి తెలుస్తుంది.

ఇక బకెట్ దగ్గరికి వస్తే, కాల్షియం ఒంట్లోకి వెళ్ళినంత మాత్రాన రాయి కాదు. తిండిలోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టుకుని బయటికి పంపేస్తుంది. రాళ్ళ భయంతో పాలు, పెరుగు మానేయడం పొరపాటు. ఇటలీలో లోరిస్ బోర్గీ బృందం రాళ్ళు వచ్చినవారిని ఐదేళ్ళు గమనించి, 2002లో ఫలితాలు ప్రకటించింది. కాల్షియం తగ్గించినవారి కంటే, కాల్షియం మామూలుగా తింటూ ఉప్పు, మాంసం తగ్గించినవారికి రాళ్ళు మళ్ళీ రావడం సుమారు సగమైంది. కాబట్టి తెల్లపొర కంటే నన్ను కలవరపెట్టేది దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలోని పిల్లలే. పొద్దుటి నుంచి కోచింగ్ క్లాసులు, బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు తాగరు. మే నెల ఎండలో ఒంట్లో నీరంతా చెమటకే పోతుంది, మూత్రం చిక్కబడుతుంది, ఆక్సలేట్ పేరుకోవడానికి అంతకంటే అనువైన సమయం ఉండదు.

అదే బోర్గీ, 1996లో ప్రకటించిన మరో అధ్యయనంలో, మొదటిసారి రాయి వచ్చినవారిలో కొందరిని రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా మూత్రం వచ్చేలా నీళ్ళు తాగమన్నాడు. ఐదేళ్ళలో వారిలో నూటికి 12 మందికి రాయి తిరిగి వచ్చింది. ఎప్పటిలాగే తాగినవారిలో 27 మందికి.