పల్లీ చేదెక్కిందా? ఉమ్మేయండి!

వేయించిన పల్లీలు గుప్పెడు తీసుకుని తింటుంటే ఎక్కడో ఒకటి చేదు తగులుతుంది. మొహం చిట్లించి, వెంటనే నాలుగు మంచి గింజలు నోట్లో వేసుకుని ఆ చేదును మింగేస్తుంటాం. ఇకపై అలా చేయకండి. ఆ గింజకు బూజు పట్టి ఉండొచ్చు. అందులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. ఇది కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది. పొగాకును పెట్టిన మొదటి వర్గంలోనే దీన్నీ పెట్టింది.

ఈ ముప్పు వంటింటి డబ్బాలో మొదలవటం లేదు. చాలాసార్లు చేనులోనే మొదలవుతోంది. పిల్లల పుస్తకాల్లో కనిపించే ‘ఆవరణ వ్యవస్థ’, ‘ఆహార గొలుసు’ వంటి మాటలకూ మన కాలేయానికీ ఉన్న సంబంధం ఇక్కడే తెలుస్తుంది.

అగళి చేనులో ఏం జరుగుతుంది?

శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం అగళి. బోరులో నీళ్లుంటే వక్క, కొబ్బరి తోటలు. మెట్ట నేలల్లో వేరుశనగ, రాగి, కంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూనే. ఎండ, వాన, నేల తీరును బట్టి ఒక విశాల ప్రాంతంలో ఒకే తరహా జీవజాలం పెరిగితే దాన్ని బయోమ్ అంటారు. తుమ్మ, రేగు, బలుసు పొదలతో నిండిన ఈ ప్రాంతం పొడి ఉష్ణమండల బయోమ్‌లోకి వస్తుంది. అందులో ఒక్కో చేనూ ఒక చిన్న ఆవరణ వ్యవస్థ.

వేరుశనగ మొక్కను పీకి చూడండి. వేళ్లకు చిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. బదులుగా మొక్క దానికి చక్కెరలిస్తుంది. ఇది ఇద్దరికీ లాభమైన సహజీవనం. వేరుపురుగు, చెదలు మాత్రం వేళ్లనూ కాయలనూ కొరికేస్తాయి. దున్నేటప్పుడు నాగలి వెంట నడిచే కొంగలు, గోరింకలు ఆ పురుగుల్ని ఏరుకు తింటాయి. గట్ల మీది కానుగలు, వేపలు కొట్టేస్తే ఈ పక్షులు వాలే చోటు పోతుంది.

ఇదే మట్టిలో యాస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కూడా ఉంటుంది. ఎండిన ఆకుల్ని, వేళ్లను కుళ్లబెట్టి మట్టిలో కలపటం దాని పని. నేలకు అదీ కావాల్సిందే. అయితే వేరుశనగ పూత నేల పైనే వచ్చినా ఊడలు మట్టిలోకి దిగుతాయి. కాయ అక్కడే, ఆ బూజు పక్కనే ఊరుతుంది. తేమ సరిగా ఉన్నన్నాళ్లూ గింజ తనను కాపాడుకునే రసాయనాలు తయారుచేసుకుంటుంది. కోతకు ముందు కొన్ని వారాలు వాన మొహం చాటేసి, నేల వేడెక్కితే ఆ శక్తి తగ్గిపోతుంది. పురుగు చేసిన రంధ్రం ఉంటే బూజుకు దారి మరింత సులువు. కోత తర్వాత కాయ వానకు తడిసినా, సరిగా ఆరకపోయినా అది ఇంకా పెరుగుతుంది.

గొలుసు మన గ్లాసు దాకా..

బూజు గింజల నుంచి నూనె తీస్తే విషంలో ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది. ఆ చెక్కను ఆవు తింటే, అందులో కొంత రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. అందుకే మన దేశంలో పాలకూ పరిమితి పెట్టారు. కిలో పాలలో ఇది 0.5 మైక్రోగ్రాములకు మించకూడదు. పాలు కాచినా ఇది పోదు.

దీన్ని మొదట బయటపెట్టింది పక్షులే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, ఆరా తీయగా వేరుశనగ చెక్క దాణాలో ఈ విషం దొరికింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. ఆ తిండే తిన్న కుక్కలకూ కామెర్లొచ్చాయి. దీన్ని పరిశోధించి వెల్లడించింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే.

అలాగని పల్లీలు మానెయ్యక్కర్లేదు. వంద గ్రాముల్లో సుమారు 25 గ్రాముల ప్రొటీన్ ఇచ్చే చవకైన బలం అవి. ఒక్క చేదు గింజ తింటే జబ్బు రాదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లోకి చేరటమే ప్రమాదం. హెపటైటిస్-బి ఉన్నవారికి ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పిల్లలకు ఆ టీకా తప్పక వేయించండి. పెద్దలు వైద్యుల సలహాతో పరీక్ష చేయించుకోవచ్చు.

ఇంట్లో ఇలా చేయండి

* వేయించే ముందు పల్లీలను పళ్లెంలో పోసి ఏరండి. ముడుచుకున్నవి, రంగు మారినవి, పుచ్చులు, బూజు ఉన్నవి తీసేయండి. ఈ విషానికి సొంత రుచి, వాసన లేవు. కానీ ఇలాంటి గింజల్లోనే అది ఎక్కువగా ఉంటుంది.

* ‘వేయిస్తే పోతుందిలే’ అనుకోవద్దు. మామూలు వంట వేడికి ఇది పూర్తిగా నశించదు. నాసి గింజల్ని పచ్చడిలోకీ, పొడిలోకీ తోసేయొద్దు.

* ఏరేసినవి పశువులకు, కోళ్లకు వేయొద్దు. గొలుసు తిరిగి మన దగ్గరికే వస్తుంది.

* నెలకు సరిపడానే కొనండి. వానాకాలంలో తడి తగలని, గాలి చొరబడని డబ్బాలో ఉంచండి.

* గానుగ నూనె ఆడించేవారు ముందుగా గింజలు ఏరించాలి. రిఫైనింగ్‌లో పోయే విషం గానుగ నూనెలో కొంత మిగలొచ్చు.

* పొలం ఉంటే, కాయను గలగలమనే దాకా ఎండబెట్టాకే బస్తాలకు ఎత్తించండి. మిషన్‌లో వలిచే ముందు కాయ మీద నీళ్లు చల్లనివ్వొద్దు. పశువుల ఎరువులో ట్రైకోడెర్మా కలిపి చేనులో వేయించండి. చెడ్డ బూజుతో చోటుకూ తిండికీ పోటీపడే మంచి బూజు అది.