జినాన్ దీపం ఖరీదు: లెక్కలో చేరని ఖర్చులు

యానాం బంకుల్లో పెట్రోలు పోయించుకొని కాకినాడ వైపో, ఎదుర్లంక వంతెన మీదుగా కోనసీమ వైపో సాగిపోయే కార్లలో పి.వై. 04 నంబరువి ఉంటాయి, ఆంధ్ర నంబరువీ ఉంటాయి. సరిహద్దు దాటితే పెట్రోలు ధర మారుతుంది, పన్ను మారుతుంది. రాత్రివేళ ఎదురుగా వచ్చే సైకిలువాని కళ్ళు మాత్రం రెండువైపులా ఒకటే. కారు ముందుదీపాల గురించి ఆలోచించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒకప్పుడు జినాన్ దీపాలు ఖరీదైన కార్లకే పరిమితం. 1991లో బి.ఎం.డబ్ల్యు. 7 శ్రేణి కారుతో ఇవి రోడ్డెక్కాయి. నేడు కొత్త కార్లలో వీటి స్థానాన్ని చాలావరకు ఎల్.ఇ.డి. దీపాలు ఆక్రమించాయి. అయితే నగరాల నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ కార్లతోపాటు ఈ దీపాలు మామూలు కుటుంబాలకూ చేరుతున్నాయి. కారు చవకగా దొరికిందన్న సంతోషం, ఒక దీపం ఆరిపోయి మెకానిక్ వేలల్లో ఖర్చు చెప్పినప్పుడు కరిగిపోతుంది.

ఎలా వెలుగుతుంది?

మామూలు హాలోజన్ బల్బులో సన్నని తీగ వేడెక్కి వెలుగునిస్తుంది. జినాన్ బల్బులో తీగ ఉండదు. రెండు మొనల మధ్య, వాయువులోను, లోహ లవణాల ఆవిరిలోను విద్యుత్తు ప్రవహించి వెలుగు పుడుతుంది. దీనిని వెలిగించడానికి మొదట 20 వేల వోల్టులకు పైబడిన విద్యుత్తు కావాలి. ట్యూబులైటుకు చోక్ ఎలాగో, దీనికి బ్యాలస్ట్ అనే పరికరం అలాగ. హాలోజన్ బల్బు 55 వాట్లకు సుమారు 1500 ల్యూమెన్ల వెలుగునిస్తే, జినాన్ బల్బు 35 వాట్లకే దాదాపు 3200 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే తక్కువ కరెంటుతో రెండింతల వెలుగు.

ఎన్నాళ్ళు వస్తుంది?

బల్బు ఆయుష్షును సంవత్సరాలలో కాక గంటలలో లెక్కించాలి. హాలోజన్ బల్బు సాధారణంగా 500 నుంచి 1000 గంటలు పనిచేస్తుంది. మంచి జినాన్ బల్బు 2000 నుంచి 3000 గంటలు వస్తుంది. 2000 గంటలే అనుకున్నా, రోజుకు ఒక గంట దీపం వేసే కుటుంబానికి అయిదేళ్ళకు పైగా వస్తుంది. రోజుకు రెండు గంటలైతే మూడేళ్ళకు కొంచెం తక్కువ. రాత్రి ట్రిప్పులు తిరిగే టాక్సీ రోజుకు అయిదు గంటలు దీపం వేస్తే 400 రోజులకే ఆయుష్షు తీరుతుంది.

మాటిమాటికీ ఆర్పి వెలిగించడం ఈ బల్బులకు చేటు. వెలిగించిన ప్రతిసారీ మొనలు కొంత అరుగుతాయి. ఆయుష్షు చివరికి వచ్చిన బల్బు రంగు మారి గులాబీ ఛాయలోకి దిగుతుంది, మిణుకుమంటుంది, ఒక్కోసారి ఆరిపోయి స్విచ్చి మళ్ళీ వేస్తే వెలుగుతుంది. ఈ గుర్తులు కనబడగానే జాగ్రత్తపడితే నడిరోడ్డు మీద చీకటిలో చిక్కుకోవలసిన పని ఉండదు.

ఖర్చు లెక్క

హాలోజన్ బల్బు ధర వందలలో ఉంటుంది. పేరున్న కంపెనీ జినాన్ బల్బు ధర వేలలో ఉంటుంది. లెక్క కోసం జినాన్ బల్బు 4000 రూపాయలు, హాలోజన్ బల్బు 250 రూపాయలు అనుకుందాం. జినాన్ జత 8000 రూపాయలకు 2000 గంటలు వస్తే గంటకు 4 రూపాయలు. హాలోజన్ జత 500 రూపాయలకు 500 గంటలు వస్తే గంటకు 1 రూపాయి. మీ దుకాణదారు చెప్పిన ధరను ఈ లెక్కలో వేసి చూసుకోవచ్చు.

దీనికి మరో రెండు ఖర్చులు కలపాలి. మొదటిది, బల్బులను జతగా మార్చడం. ఒకటే మారిస్తే కొత్తది తెల్లగా, పాతది మసకగా ఉండి దారి సరిగా కనబడదు. రెండవది కూలి. కొన్ని కార్లలో ముందు బంపరు విప్పితే తప్ప బల్బు చేతికందదు.

బల్బా, బ్యాలస్టా?

బ్యాలస్ట్ కూడా ఖరీదైన వస్తువే. దానిని మార్చమని ఎవరైనా చెబితే, ముందుగా కుడి, ఎడమ బల్బులను అటూ ఇటూ మార్చి వెలిగించి చూడమని కోరండి. లోపం బల్బుతో పాటు రెండవ వైపుకు వెళ్తే బల్బే చెడినట్లు. ఉన్నచోటనే ఉంటే బ్యాలస్ట్‌నో, వైర్లనో అనుమానించాలి. సముద్రపు ఉప్పుగాలి సోకే మన ప్రాంతంలో వైర్ల అతుకులకు తుప్పు పట్టడం సహజం. దీపం ముందరి ప్లాస్టిక్ అద్దం పసుపుపచ్చబడినా వెలుగు తగ్గుతుంది. అప్పుడు బల్బు మార్చినందువల్ల ప్రయోజనం ఉండదు, అద్దానికి పాలిష్ చేయించాలి.

ఈ పని ఇంట్లో చేయడం మంచిది కాదు. వోల్టేజి ప్రాణాంతకం. కొనేటప్పుడు పాత బల్బుపై ఉన్న రకం పేరు చూసి అదే తీసుకోవాలి. డి2ఎస్ సుమారు 85 వోల్టులతోను, డి4ఎస్ సుమారు 42 వోల్టులతోను నడుస్తాయి. ఒకదాని స్థానంలో మరొకటి పనికిరాదు. డి1, డి2 రకాలలో కొద్దిగా పాదరసం ఉంటుంది కనుక పగిలిన బల్బును పిల్లలకు అందనివ్వరాదు.

చవక కిట్లతో ముప్పు

హాలోజన్ దీపమున్న కారుకు చవక జినాన్ కిట్ బిగించడం అన్నిటికంటె పెద్ద పొరపాటు. హాలోజన్ దీపపు లోపలి అద్దాన్ని ఆ బల్బు తీగ ఉండే చోటును బట్టి మలుస్తారు. అక్కడ జినాన్ వెలుగు పెడితే కిరణాలు రోడ్డుపై పడక చెదరిపోయి పైకి లేస్తాయి. అందుకే ఐరోపా నిబంధనలు 2000 ల్యూమెన్లకు మించిన దీపాలకు, బరువును బట్టి కిరణాన్ని తనంతట తానే కిందికి దించే ఏర్పాటును, దీపాన్ని కడిగే ఏర్పాటును తప్పనిసరి చేశాయి. కిట్లలో ఇవేవీ ఉండవు.

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం, 8 మీటర్ల దూరంలో 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి ముందుదీపం మిరుమిట్లు గొలపరాదు. ఇది కేంద్ర నియమం కాబట్టి యానాంకూ ఆంధ్రకూ ఒక్కటే వర్తిస్తుంది. 1.5 మీటర్ల ఎత్తు అంటే ఇంచుమించు సైకిలుపై వచ్చే మనిషి కళ్ళ ఎత్తు. కాలువ గట్టు మీది ఇరుకు దారిలో అతనికి ఒక్క క్షణం కళ్ళు చీకట్లు కమ్మితే జరిగే నష్టాన్ని ఏ బల్బు ధరతోనూ లెక్కగట్టలేము.

కనుక జినాన్ దీపాలున్న పాత కారు కొనేముందు, రాత్రిపూట గోడకు ఎదురుగా నిలిపి రెండు దీపాలూ వెలిగించి చూడండి. రంగు ఒకటిగా ఉందా, వెలుగు గీత సమానంగా ఉందా పరిశీలించండి. తేడా కనబడితే జత బల్బుల ఖర్చును ధరలో తగ్గించమని అడగడానికి మీకు న్యాయమైన కారణం ఉన్నట్లే. హాలోజన్ కారు ఉన్నవారు మంచి హాలోజన్ బల్బుతోనే తృప్తిపడటం జేబుకూ మేలు, ఎదుటివారికీ మేలు.