తెడ్డు పట్టబోయే పిల్లవానికి ముందు జాగ్రత్తలు

గత శ్రావణమాసంలో మాచర్ల వైపు నుండి ఒక ఉపాధ్యాయుడు భార్యాసమేతంగా, పదమూడేండ్ల కుమారుని వెంటబెట్టుకొని నరసరావుపేటలోని మా వైద్యశాలకు వచ్చారు. పిల్లవాడు హైదరాబాదులో మేనమామ గారింట ఉండి చదువుకుంటూ, హుస్సేన్ సాగర్‌లో రోయింగ్ శిక్షణలో చేరబోతున్నాడట.

"అయ్యగారూ, వీడికి చిన్నప్పటి నుండి ఉబ్బసం. ఇన్‌హేలర్ వాడుతున్నాడు. చేరేలోపల దానిని మాన్పించే లేహ్యం ఏదైనా ఇప్పించండి. దరఖాస్తులో ఆ సంగతి వ్రాస్తే చేర్చుకోరేమోనని వ్రాయలేదు" అన్నారు తండ్రిగారు. తల్లిగారి దిగులు వేరు. కుమారుని జాతకంలో జలగండం ఉన్నదని ఎవరో చెప్పారట.

రోయింగ్ మన పల్లెకారుల పడవ నడక వంటిది కాదు. క్రీడాకారుడు వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. పీట ముందుకూ వెనుకకూ జారుతుంది. చూచేవారికి చేతుల పనిగా తోస్తుంది కాని, బలమంతా తొడలది, నడుముది. పందెం 2000 మీటర్లు. హుస్సేన్ సాగర్‌లో 2002 జాతీయ క్రీడల పోటీలు జరిగాయి. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో బజరంగ్ లాల్ తఖర్ స్వర్ణం తెచ్చారు. పిల్లలకు ఆశ కలగడం సహజమే.

ఇక ఉబ్బసం సంగతి. అతివ్యాయామం వలన కలిగే రోగాలలో దప్పిక, క్షయం, దగ్గు, జ్వరాలతో పాటు ప్రతమక శ్వాసను కూడా వాగ్భటాచార్యులు చెప్పారు. అది ఉబ్బసంలో ఒక భేదమే. బాలురు వ్యాయామం మానవలెనని కూడా అక్కడే ఉన్నది. దీనిని నేను ఆటలకు నిషేధంగా భావించను. వయసుకు మించిన బరువు మోపరాదని దాని భావమని నా అభిప్రాయం. అర్ధశక్తి అని శాస్త్రం ఒక కొలత పెట్టింది. నుదుట, ముక్కున, చంకలలో చెమట పట్టి, నోరు ఎండి, ఊపిరి నోటితో తీయవలసి వచ్చినప్పుడు సగం బలం ఖర్చయినట్లు. మొదటి మాసాలలో పిల్లవాడు అక్కడ ఆగవలెను. కొత్త మోజులో ఆగడు. ఆపవలసినవారు శిక్షకులు. ఆపాలంటే వారికి పిల్లవాని రోగం తెలియాలి కదా!

అందుచేత ఆ తండ్రిగారికి నిక్కచ్చిగానే చెప్పాను. నా లేహ్యం ఇన్‌హేలర్‌కు బదులు కాదు. దానిని హఠాత్తుగా మాన్పిస్తే నీటి నడుమ ఆయాసం ముంచుకురావచ్చు. ఉబ్బసం ఉన్నవారు ఈ ఆట ఆడలేరని కాదు. ఛాతీ వైద్యులకు చూపించి, ఊపిరితిత్తుల పరీక్ష చేయించి, సాధనకు ముందు మందు ఎప్పుడు పీల్చవలెనో వ్రాయించుకోవాలి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే మందు ఒడ్డున సంచిలో ఉంటే ప్రయోజనం లేదు. వెంట వచ్చే శిక్షకుని పడవలో ఉండాలి. మూర్ఛ, గుండె జబ్బు ఉన్న పిల్లల విషయంలో దాపరికం ఇంకా ప్రమాదం. మరొక మాట. ఉబ్బసం కుదురుస్తామని ఊరూరా అమ్మే పేరులేని పొడులలో కొన్నింటిలో స్టెరాయిడ్లు కలుపుతారు. ఇది మా వృత్తికి తలవంపు.

జలగండానికి నాకు తెలిసిన శాంతి ఈత. మా చిన్నతనంలో నడుముకు బెండ్లు కట్టి దిగుడుబావిలో దింపేవారు. ఇప్పుడు బావులు పూడి బోర్లు వచ్చాయి. అంతమాత్రాన సాగర్ కుడికాలువలో నేర్పబోకండి. ఆ వడి గజఈతగాళ్ళను సైతం లాగుకొనిపోతుంది. శిక్షకుడున్న ఈత కొలనులో నేర్పించండి. బట్టలతో యాభై మీటర్లు ఈది, తరువాత కొంతసేపు తేలి ఉండగలిగితేనే పడవ ఎక్కనివ్వాలి. పడవ బోల్తాపడితే దానిని విడిచి ఒడ్డుకు ఈదరాదు, పట్టుకొనే ఉండాలి. కొత్తవారికి లైఫ్ జాకెట్ తప్పనిసరి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో జరిగిన పడవ ప్రమాదం మన ప్రాంతంవారు మరచిపోలేదు. తల్లి భయాన్ని మూఢత్వమని కొట్టివేయలేము.

ఆహారం విషయంలో హడావిడి అక్కరలేదు. తెల్లవారి సాధనకు ముందు అరటిపండో, పలుచని రాగిజావో చాలు. కడుపునిండా తిని తెడ్డు పట్టరాదు. తరువాత పెసరపప్పు, నెయ్యి, అన్నం లేదా జొన్నరొట్టె, గ్రుడ్డు తినేవారికి గ్రుడ్డు. నువ్వులుండ మంచిది. దాహం వేసేదాకా ఆగక నీరు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ త్రాగించాలి. వారానికి రెండుసార్లు నువ్వులనూనెతో నడుము, తొడలు, భుజాలు మర్దించి వేడినీటి స్నానం చేయిస్తే పట్టేసిన కండలు సడలుతాయి. జ్వరం, అజీర్ణం ఉన్నప్పుడు వద్దు.

అరచేతుల్లో బొబ్బలు తప్పవు. వాటిని చిదమరాదు. పగిలితే సబ్బునీటితో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టాలి. కాఫీపొడి, సున్నం పెట్టకండి. చెరువునీరు పుండుకు తగలనీయరాదు. ఎర్రగా వాచినా, జ్వరం వచ్చినా వైద్యునికి చూపాలి.

ఆ తండ్రిగారు చాలాసేపు మాట్లాడలేదు. పిల్లవాడే, "తాతగారూ, వ్రాస్తే తీసుకోకపోతే?" అన్నాడు. "తీసుకోకపోవచ్చు నాయనా" అన్నాను. అంతకన్న నా దగ్గర జవాబు లేదు. మా బల్లమీదనే తండ్రిగారు దరఖాస్తు తెరచి ఉబ్బసం అని వ్రాశారు. కార్తీకంలో మళ్ళీ వచ్చారు. ఛాతీ వైద్యుల కాగితం చూచి శిక్షకులు చేర్చుకున్నారట, కాని ఈత వచ్చేదాకా పడవ ఇవ్వమన్నారట. పిల్లవానికి అది కోపంగా ఉంది. అరచేతులు చూపమన్నాను. ఇంకా మెత్తగానే ఉన్నాయి.