రాయి పుట్టని నేలలో స్తూపం

కృష్ణా డెల్టాలో ఎక్కడ తవ్వినా బంకమన్నూ ఇసుకే. కట్టడానికి రాయి కావాలంటే ఎగువ నుంచి తెప్పించుకోవాల్సిందే. ఘంటసాల బౌద్ధ స్తూపాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చల్లపల్లి దగ్గరున్న ఈ ఊరే క్రీ.శ. 2వ శతాబ్దంలో భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న కంటకోస్సిల రేవని చరిత్రకారులు చెబుతారు. ఇక్కడి దిబ్బను 19వ శతాబ్దం చివర్లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించి, 1894లో వివరాలు అచ్చువేశాడు. మట్టి తీసేసరికి బండిచక్రం లాంటి కట్టుబడి కనబడింది. నడుమ నలుచదరపు ఇటుక దిమ్మ, చుట్టూ గుండ్రని గోడలు, వాటిని కలుపుతూ చక్రపు ఆకుల్లా అడ్డుగోడలు. మధ్య ఖాళీల్లో మట్టి దట్టించారు.

అంత దిబ్బనూ ఇటుకతోనే నింపాలంటే బట్టీలకు ఎంత కట్టె కావాలి! ఉత్త మట్టి పోస్తేనేమో వానకు నాని పక్కలకు జారుతుంది. గోడల మధ్య బిగిస్తే మట్టి నిలుస్తుంది, ఇటుకా మిగులుతుంది. ఈ చక్రాకారం ధర్మచక్రానికి గుర్తు అనేవాళ్లున్నారు, కాదనను. కానీ తాపీమేస్త్రీకి ముందు కనబడేది ఈ పొదుపే. చుట్టూ కొండలున్న నాగార్జునకొండలోనూ కొన్ని స్తూపాలు ఇలాగే కట్టారంటే, ఈ ఉపాయం రాయి లేని ఊళ్లకే పరిమితం కాలేదన్నమాట.

రాయిని పైతొడుగుకూ శిల్పాలకూ దాచుకున్నారు. దాని విలువ 3వ శతాబ్దపు నాగార్జునకొండ శాసనంలో తెలుస్తుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక తన దానాలను చెక్కించింది. అందులో కంటకసెల, అంటే ఘంటసాల, మహాచైత్యం తూర్పు వాకిట కట్టించిన రాతి మండపం ఒకటి.

ఆ విలువే తరవాత డెల్టా స్తూపాలకు చేటు తెచ్చింది. భట్టిప్రోలులో ఇటుకలు రోడ్లకు పోయాయి, పాలరాతి పలకలు వెల్లటూరు కాలువ తూముకు పోయాయి. అది చేయించింది సర్కారు పనులవాళ్లే! ఘంటసాల శిల్పాల్లో కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియానికి చేరాయి. ఇక్కడి చక్రపు కట్టుబడి చూడాలంటే మాత్రం ఘంటసాలకే రావాలి.