నొప్పి ఒకటే... కోడ్‌లెన్నో!

అర్ధరాత్రి ఛాతీ పట్టుకుని అమెరికాలో ఓ వ్యక్తి ఎమర్జెన్సీకి పరుగెత్తాడు. ఈసీజీ బాగానే ఉంది. రక్తంలో ట్రోపోనిన్‌ పెరగలేదు. డాక్టరు ‘గుండెపోటు కావచ్చు’ అని రాసి ఇంటికి పంపేశారు. ఆ రికార్డు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్న మెడికల్‌ కోడర్‌ ముందుకు రావచ్చు. రోగాన్ని కోడ్‌గా మార్చడమే వాళ్ల పని. బీమా కంపెనీ చూసేదీ ఆ కోడ్‌నే.

మరి దీనికి గుండెపోటు కోడ్‌ వేసేయొచ్చా? కుదరదు! ఆసుపత్రిలో చేరకుండా వెళ్లిపోయినవాళ్ల విషయంలో ‘కావచ్చు’, ‘అనుమానం’ చెల్లవన్నది అమెరికా నియమం. లక్షణాన్నే రాయాలి. అదే ఆర్‌07.9... కారణం తేలని ఛాతీనొప్పి. 2015 అక్టోబరు 1కి ముందైతే 786.50. తమాషా ఏమిటంటే, ఆసుపత్రిలో చేరినవాళ్లకి డిశ్చార్జి నాటికీ ‘కావచ్చు’ అనే ఉంటే, ఆ రోగం ఉన్నట్టే కోడ్‌ వేస్తారు!

అంతా డాక్టరు రాసే మాటలోనే ఉంది. ‘ఊపిరి తీస్తే నొప్పి’ అంటే ఆర్‌07.1. ‘గుండెకు ఎదురుగా’ అంటే ఆర్‌07.2. ‘ఛాతీ గోడ నొప్పి’ అంటే ఆర్‌07.89. అదే ‘యాంజైనా’ అని రాస్తే ఐ20.9... ఒక్క మాటతో ఆ మనిషి రికార్డుల్లో గుండెజబ్బు మనిషైపోతాడు. తర్వాత చూసే ప్రతి డాక్టరూ దాన్నే నమ్ముతాడు.

అందుకే రాత అస్పష్టంగా ఉంటే కోడర్లు ఊహించరు. ‘పరీక్షల తర్వాత ఏం తేలింది?’ అని డాక్టరుకే ప్రశ్న పంపుతారు. ‘యాంజైనాయే కదా?’ అని మాత్రం అడగకూడదు.