బేరింగు మరల మరల పోవుటయేల?

కాలువ చివరి మడి ఎండినపుడు రైతు ఏమి చేయును? ఎండిన నారు పెరికి, క్రొత్త నారు నాటి ఊరకుండడు. గట్టు వెంబడి నడిచిపోయి, తూము కడనో పిల్లకాలువ కడనో నీరెచ్చట ఆగినదో చూచును. నాగార్జునసాగరు కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు విడిచిరి. ఆ ఎడమకాలువ ఆయకట్టులోని నిడమనూరు రైతులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కాని కారు ఇంజనులో బేరింగు పోయినపుడు మనలో పలువురము ఈ వివేకమును మరచుచున్నాము. క్రొత్తది వేయింతుము, అది పోవును, మరల క్రొత్తది వేయింతుము.

ఒక సందర్భమును ఊహించుకొందము. నిడమనూరులో ఒక కుటుంబమునకు పాత అంబాసిడర్ కారు కలదు. పెండ్లిండ్లకు, ఆసుపత్రి ప్రయాణములకు దానిని బాడుగకు త్రిప్పుట వారికి జీవనాధారము. ఇంజను అరిగినందున దానిని దింపించి, క్రాంకును సాన పట్టించి, క్రొత్త బేరింగులు వేయించిరి. మిర్యాలగూడకు పట్టుమని పదిమారులు పోయి వచ్చులోపలనే ఇంజను అడుగున టకటక శబ్దము బయలుదేరినది. విప్పి మరల బేరింగులు వేయించిరి. రెండవమారును అంతే. బేరింగు నకిలీదని మెకానిక్కు అనును. బిగించుట చేతకాలేదని అమ్మినవాడు అనును. కారును తుక్కు క్రింద అమ్ముటయా, అప్పుచేసి మూడవమారు వేయించుటయా అని ఇంటివారు మథనపడుదురు. ఈ ప్రశ్నకు సమాధానము చాలవరకు విప్పి పారవేసిన ఆ పాత బేరింగులపైననే వ్రాసియుండును.

దానిని చదువుటకు ముందు బేరింగు చేయు పని తెలియవలెను. 1489 సి.సి. అంబాసిడర్ పెట్రోలు ఇంజనులో క్రాంకును మోయుటకు మూడు మెయిన్ బేరింగులు, పిస్టను రాడ్లను క్రాంకునకు తగిలించుటకు నాలుగు బిగెండు బేరింగులు ఉండును. ఒక్కొక్కటి రెండు అరవంకలుగా ఉండు పలుచని ఉక్కు రేకు. లోపలివైపున మెత్తని మిశ్రమలోహపు పూత. క్రాంకు ఈ పూతను రాచుకొని తిరుగునని పలువురు తలంతురు. అది సరికాదు. ఇంజను సక్రమముగా తిరుగుచున్నపుడు రెండు లోహములకు నడుమ పలుచని నూనె పొర యుండును. బరువును మోయునది ఆ పొరయే. 1883 ప్రాంతమున ఇంగ్లండులో బోషాం టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులను పరీక్షించుచు, బేరింగు నెత్తిన రంధ్రము చేయగా నూనె పైకి ఉబికి వచ్చినది. బిరడా బిగించినను నెట్టివేసినది. నూనె పొరలో ఎంతటి ఒత్తిడి పుట్టునో అప్పుడు తెలిసినది. దాని గణితమును 1886లో ఆస్బర్న్ రేనాల్డ్సు వివరించెను.

ఈ పొరకు తావు అత్యల్పము. రెండంగుళముల వ్యాసముగల క్రాంకు జర్నలునకును బేరింగునకును నడుమ సందు అంగుళములో వెయ్యవ వంతు మొదలు రెండు వంతుల వరకు ఉండును. ఇది సుమారు తలవెంట్రుక మందము. సందు తగ్గిన నూనె చొరదు. మించిన నూనె నిలువదు. ఇక నూనె ప్రయాణము అచ్చముగా కాలువ వంటిదే. అడుగు తొట్టి నుండి పంపు తోడును, ఫిల్టరు వడకట్టును, ప్రధాన నాళము మెయిన్ బేరింగులకు పంచును, అచ్చటనుండి క్రాంకు లోపలి ఏటవాలు రంధ్రముల ద్వారా బిగెండులకు చేరును. బిగెండు చివరి మడి. ఎగువన ఎచ్చట కొరత ఏర్పడినను మొదట ఎండునది తరచుగా అదియే.

క్రొత్తగా కట్టిన ఇంజనులోనే ఈ బాధ యేల కలుగును? మొదటి కారణము మురికి. క్రాంకును సాన పట్టినపుడు రాలిన సానపొడియు, ఉక్కు రజనును రంధ్రములలో దాగియుండును. అంతకంటె ముఖ్యముగా, మొదట పోయిన బేరింగు లోహము ముక్కలై పంపులోను, ఫిల్టరు గిన్నెలోను, నాళములలోను చేరును. వాటిని కడుగక క్రొత్త బేరింగు వేసినచో మొదటి నష్టమే రెండవదానికి విత్తనమగును.

ఇప్పుడు పాత బేరింగులను వరుసగా పరచి చూడుడు. లోపలి పూతపై సన్నని గీతలును, గ్రుచ్చుకొన్న రేణువులును ఉన్నచో మురికి కారణము. అన్నియు కమిలి, పూత కరగి జారినచో నూనె కొరత: పంపు అరుగుట, ఒత్తిడి వాల్వు మూసుకొనకుండుట, పెట్రోలు కలిసి నూనె పలుచబడుట వంటివి చూడవలెను. ఒకే బిగెండు పదేపదే పోయినచో దోషము ఆ తావుననే కలదు: దాని నూనె రంధ్రము పూడియుండవచ్చును; రాడ్డు కన్ను గుండ్రన తప్పియుండవచ్చును. బేరింగు ఒకవైపు అంచునను, దానికి ఎదుటి వంకలో రెండవ అంచునను అరిగినచో రాడ్డు వంగినదేమో చూడవలెను. వెనుకవైపు ఉక్కుపై మెరుపు మచ్చలున్నచో బేరింగు తన గూటిలో కదలుచున్నదని అర్థము. మెయిన్ బేరింగులలో నడిమిది మాత్రమే మిక్కిలి అరిగినచో క్రాంకు వంగినదో, బ్లాకులోని గూళ్ళు ఒక వరుసలో లేవో పరీక్షింపవలెను.

బిగింపులోని పొరపాట్లును తక్కువవి కావు. నూనె రంధ్రముగల అరవంకకు బదులు రంధ్రములేని దానిని అమర్చినచో నూనె దారి పూర్తిగా మూతపడును. ఒక రాడ్డు టోపీని మరియొక రాడ్డునకు బిగించిన కన్ను గుండ్రన తప్పును. అందులకే వాటిపై అంకెలు చెక్కుదురు.

కావున మూడవమారు డబ్బును మొదట కొలతకు, శుభ్రతకు వెచ్చింపవలెను. క్రాంకులోను బ్లాకులోను ఉన్న బిరడాలు తీయించి, నాళములను బ్రష్షుతోను కిరసనాయిలుతోను కడిగించి, గాలితో ఊదింపవలెను. ప్రతి జర్నలును మైక్రోమీటరుతో రెండు తావుల, రెండు దిక్కుల కొలిపింపవలెను. ఈ బేరింగులు అంగుళపు వెయ్యవ వంతులలో పది, ఇరువది, ముప్పది, నలువది తక్కువ కొలతలలో దొరకును. పెట్టెమీది అంకె క్రాంకు కొలతతో సరిపోవలెను. పంపును పరీక్షించి, ఫిల్టరు మార్చి, బోల్టులను టార్కు రెంచితో బిగింపవలెను. ప్లగ్గులు తీసి, నూనె ఒత్తిడి కనబడువరకు ఇంజనును ఊరక త్రిప్పిన పిదపనే స్టార్టు చేయవలెను. తొలి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయక, వేగము హెచ్చింపక నడిపి, ఆ నూనెను పారబోసి క్రొత్తది పోయవలెను.

యజమాని చేయదగినది ఒకటి కలదు. విప్పిన బేరింగులను ఏది ఏ తావుదో గుర్తుపెట్టి తనకిమ్మని మెకానిక్కును ముందే కోరవలెను. అపుడు నింద ఒకరిపై నొకరు మోపుకొను పని తప్పును, చేతిలో సాక్ష్యముండును. ప్రయాణములో ఆయిలు దీపము వెలిగినచో ఊరు చేరుదమని తలపక వెంటనే ఇంజను ఆపవలెను.

ఇంత పరీక్షించిన పిమ్మట క్రాంకు పగిలినదనియో, సాన పట్టుటకు మిగిలిన లోహము లేదనియో తేలవచ్చును. అపుడు వేరు క్రాంకు వెదకుటయో, కారును విడుచుటయో విచారము లేకుండ నిర్ణయింపవచ్చును. కారణము తెలిసి విడిచిన కారు వేరు. తెలియక అప్పుచేసి మరల కట్టించిన కారు వేరు. గట్టు వెంబడి నడువకుండ నారు కొనరాదు.