ఇనుపపని నేర్చుకొనువారికి: రాడ్డు వెల్డింగా, మిగ్ వెల్డింగా?

దమ్ము చేయు దినములలో కల్టివేటరు చట్రము పగిలినను, ట్రాక్టరు తొట్టి కొక్కెము విరిగినను, రైతు చేతిలోని పని విడిచి పట్టణమునకు పరుగిడవలసి వచ్చుచున్నది. అచ్చట వెల్డింగు దుకాణమున తన వంతు వచ్చుసరికి అదను దాటిపోవును. కాబట్టి సభ్యులలో కొందరు తామే యంత్రమును కొని పని నేర్చుకొనవలెనని తలంచుచున్నారు. అంగడిలో రాడ్డు యంత్రమనియు, మిగ్ యంత్రమనియు రెండు విధములవి కనబడుటచే ఏది కొనవలయునో తోచకున్నది. ఈ సంగతి నిచ్చట కొంత వివరించెదము.

రెంటికిని మూలసూత్ర మొక్కటియే. విద్యుత్తు చిన్న సందును దాటునప్పుడు పుట్టు మహోష్ణముచే ఇనుము కరగి, చేర్చెడి లోహముతో కలిసి గట్టిపడును. కరగిన యినుమునకు గాలి తగులరాదు. తగిలినచో అతుకు బొరియలు పడి పెళుసగును. ఆ గాలి నడ్డుటలోనే భేదమున్నది. రాడ్డుపై నుండు మందుపూత కాలి, పొగయై అతుకును కప్పి, పిదప చిట్టెమై పైన పేరుకొనును. మిగ్ యంత్రమున సన్నని తీగ చుట్టనుండి తనంత తాను వెలువడుచుండగా, సిలిండరులోని బొగ్గుపులుసు గాలి గాని, ఆర్గాను కలిపిన వాయువు గాని దానిని కాపాడును. పూత రాడ్డు 20వ శతాబ్దారంభమున స్వీడనులో పుట్టినది. మిగ్ పద్ధతి 1948లో అమెరికాలో వెలువడినది.

నేర్చుకొనుటకు మిగ్ సులభము. మీట నొక్కినంతనే తీగ వచ్చును. చేయి సమముగా నడపిన చాలును. రాడ్డు పట్టినవాడు మొదటి దినమంతయు దానిని ఇనుమున కంటించుకొని ఊడబెరుకుటతోనే గడుపును. రాడ్డు కాలుచు పొట్టియగుచుండును గనుక చేతిని ముందునకు నడపుచునే క్రిందికిని దింపుచుండవలెను. ఇది అలవడుటకు కొన్ని వారములు పట్టును.

అయినను రైతునకు మొదట రాడ్డు యంత్రమే తగునని మా యభిప్రాయము. మన పని గదిలో జరుగునది కాదు. చేనిగట్టున గాలి వీచినచో మిగ్ వాయువు చెదరిపోవును. రాడ్డు పూత అంత సులభముగా చెదరదు. త్రుప్పును రంగును గీకుట రెంటికిని మంచిదే గాని, మిగ్ అతుకునకు శుభ్రమైన లోహ మత్యవసరము. సిలిండరు నింపించుటకు మరల పట్టణమునకే పోవలెను గదా! అరిగిన రొటవేటరు కత్తులపై గట్టి లోహమును పోయుటకును ప్రత్యేకపు రాడ్డులు దొరకును.

ఇంతకంటె ముఖ్యమగు సంగతి మరియొకటి కలదు. దళసరి యినుముపై తక్కువ కరెంటుతో మిగ్ పట్టినచో తీగ కరగి పైపైన పేరుకొనునే కాని లోనికి దిగదు. చూచుటకు అతుకు ముత్యాల వరుసవలె నుండును. బరువుతో పోవు తొట్టి కొక్కెమునకు అట్టి అతుకు పడినచో రోడ్డుమీద ఏమగునో చెప్పనక్కరలేదు. రాడ్డు పనిలోను చిట్టెము లోన చిక్కుట కలదు. కావున ఏ యంత్రముతో నేర్చినను పరీక్ష చేయవలెను. 6 మిల్లీమీటర్ల పట్టీ నొకదానిని మరియొకదానిపై నిలువుగా నిలిపి, ఒక ప్రక్కనే అతికి, చల్లారిన పిదప నిలువు పట్టీని అతుకు వైపునకే వంగునట్లు సమ్మెటతో కొట్టవలెను. విరిగిన చోట మూలన కరగని అంచు కనబడినచో ఆ చేయి ఇంకను కుదరలేదన్నమాట.

1, 2 మిల్లీమీటర్ల పలుచని రేకులు, గేట్లు, ఒకే చోట కూర్చుండి చేయు పని విశేషముగా నున్నవారికి మిగ్ మేలు. వాయువు లేకయే పనిచేయు మందు తీగయు కలదు. అది గాలికి ఓర్చును గాని, దానికి యంత్రపు కొసలను తారుమారు చేయవలెను, వెలయు హెచ్చు.

కొనువారు 200 ఆంపియర్ల ఇన్వర్టరు యంత్రమును, 6013 అను రకపు రాడ్డులను తీసికొనవచ్చును. 2.5 మిల్లీమీటర్ల రాడ్డునకు సుమారు 60 మొదలు 90 ఆంపియర్లు, 3.15 దానికి 90 మొదలు 130 వరకు చాలును. వానకాలమున రాడ్డులు చెమ్మగిల్లకుండ మూతగల డబ్బాలో నుంచవలెను. ఇంటి దీపపు ప్లగ్గునకు యంత్రమును తగిలించినచో తీగలు కాలును. దళసరి తీగతో, సరియైన ఎర్తుతో వేరుగా అమర్పించుకొనుడు.

కంటికి 10 లేక 11 నంబరు అద్దము వలయును. ఎండ కద్దములు పనికిరావు. తడి నేలపై నిలువరాదు. జస్తా పూసిన గొట్టములను కాల్చినచో ఆ పొగవలన చలిజ్వరము వచ్చును. 2017లో అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థవారు వెల్డింగు పొగ నంతటిని కేన్సరు కారకములలో చేర్చిరి గనుక గాలి ఆడుచోటనే పని చేయవలెను. డీజిలు పీపా ఖాళీగా నున్నను తాకరాదు. ట్రాక్టరుపై అతుకునప్పుడు బ్యాటరీ తీగలను విప్పి, ఎర్తు క్లాంపును అతుకు దగ్గరనే బిగింపవలెను. లేనిచో కరెంటు బేరింగులగుండ పోయి వానిని చెరచును. స్టీరింగు కడ్డీలను, బ్రేకు భాగములను మాత్రము నేర్చుకొనుచున్నవారు అతుకబూనక, క్రొత్తవి తెచ్చి వేయుడు.